చేర్పించారా, బంధించారా?

సందేహం: సోవియట్ కాలపు హక్కుల కార్యకర్తల మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. "మతిస్థిమితం లేదని తేల్చి ఆయన్ను మానసిక చికిత్సాలయంలో చేర్పించారు" అని రాశాను. చదివిన స్నేహితురాలు "చేర్పించడమేమిటి, బంధించారు అని రాయి" అంటోంది. 'నిర్బంధ చికిత్స' అనే మాట మీద కూడా అనుమానంగా ఉంది. 'నిర్' అంటే లేకపోవడం కదా, అప్పుడు నిర్బంధం అంటే బంధం లేకపోవడం కావాలి కదా?

సమాధానం: చివరిది తేలిక కాబట్టి ముందు అది చూద్దాం. 'నిర్' ఉన్న ప్రతిచోటా లేమి ఉండదు. నిర్దోషిలో ఉంది, నిర్భయంలో ఉంది. నిర్ణయం, నిర్మాణం, నిర్దేశం మాటల్లో లేదు. నిర్బంధం ఈ రెండో గుంపులోది. సంస్కృతంలో దానికి పట్టుపట్టడం, వదలకుండా కోరడం అని అర్థం. "ఇంకో రెండు రోజులు ఉండమని నిర్బంధించారు" అని తెలుగులో ప్రేమతో చేసే బలవంతానికి కూడా వాడతాం. కాకపోతే ఇప్పుడు ఆ మాట వింటే ముందు కటకటాలే గుర్తొస్తాయి.

'నిర్బంధ చికిత్స' వ్యాకరణానికి సరిపోతుంది. మీ వ్యాసానికి సరిపోదు. ఇలాంటి సమాసంలో బరువంతా చివరి మాట మీద పడుతుంది. నిర్బంధ విద్య అంటే విద్యే, తప్పనిసరి చేశారంతే. అలాగే నిర్బంధ చికిత్స అంటే చికిత్సే, రోగి ఒప్పుకోకపోయినా చేస్తున్నారంతే. అంటే రోగం ఉందని మనం ముందే ఒప్పేసుకున్నట్టు. మీరు రాస్తున్నది రోగం లేని మనిషి గురించి. అక్కడ జరిగింది నిర్బంధం, చికిత్స దానికి తొడిగిన ముసుగు. 'చికిత్స పేరిట నిర్బంధం' అనండి. సమాసం కుదరలేదని బెంగ వద్దు, విడి మాటలే ఇక్కడ నిజం చెబుతాయి.

ఇక చేర్పించడం. చేరు, చేర్చు, చేర్పించు. ఈ మూడో మాట ఎక్కడెక్కడ వాడతామో గమనించండి. పిల్లల్ని బడిలో చేర్పిస్తాం, జ్వరం ముదిరితే నాన్నను ఆసుపత్రిలో చేర్పిస్తాం. మేలుకోరే వాళ్లు చేసే పని అది. 1970 మేలో సోవియట్ జీవశాస్త్రవేత్త జోరెస్ మెద్వెదెవ్‌కు జరిగింది వేరు. ఒబ్నిన్స్క్‌లో ఆయన ఇంటికి పోలీసులూ మానసిక వైద్యులూ కలిసి వచ్చి బలవంతంగా కలూగా ఆసుపత్రికి పట్టుకెళ్లారు. సోదరుడు రోయ్, తోటి శాస్త్రవేత్తలు గట్టిగా పట్టుబడితే 19 రోజులకు వదిలారు. దీన్ని చేర్పించడం అనగలమా?

ఆ మాటతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఎవరు చేర్పించారు? తెలుగు క్రియ చివరి 'ఆరు'లో ఎవరైనా హాయిగా దాక్కోవచ్చు. 'నిర్బంధించబడ్డారు' అంటే ఇంకా సుఖం, చేసినవాడి ఊసే ఉండదు. అందుకని కర్తను రాయండి. రాయడానికి ఆధారం కూడా ఉంది: సోవియట్ యూనియన్‌లో 'ప్రత్యేక' మానసిక చికిత్సాలయాలు 1988 దాకా ఆరోగ్య శాఖ కింద లేవు, పోలీసులను నడిపే ఆంతరంగిక వ్యవహారాల శాఖ కింద ఉండేవి.

మీరు అడగలేదు గానీ, నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట 'తేల్చి'. ఉన్నది పైకి తేలితే తేల్చడం. లేనిదాన్ని తేల్చలేం. మేజర్ జనరల్ ప్యోత్ర్ గ్రిగోరెంకో సంగతే చూడండి. క్రిమియా తాతార్ల హక్కుల కోసం మాట్లాడినందుకు 1969లో తాష్కెంట్‌లో అరెస్టు చేశారు. అక్కడి వైద్య బృందం ఆయనకు ఏ జబ్బూ లేదంది. అది పైవాళ్లకు పనికిరాలేదు. మాస్కోలోని సెర్బ్‌స్కీ ఇన్‌స్టిట్యూట్ అనే మానసిక వైద్య సంస్థకు తీసుకెళితే అక్కడివాళ్లు ఉందన్నారు. 1979లో అమెరికాలో మానసిక వైద్యులు మళ్లీ పరీక్షించి ఏ జబ్బూ లేదన్నారు. సెర్బ్‌స్కీ వాళ్లు 'తేల్చారు' అని రాస్తే మనం వాళ్ల కాగితం మీద సంతకం పెట్టినట్టే. 'అన్నారు', 'రాశారు', 'ముద్ర వేశారు', ఇవి చాలు. 'మతిస్థిమితం లేని జనరల్' అనడానికీ, 'మతిస్థిమితం లేదని ముద్ర వేయించుకున్న జనరల్' అనడానికీ మధ్య 'అని' ఒక్కటే అడ్డం. ఆ మాట ఎవరిదో వాళ్లకే అప్పజెప్పే చిన్న మాట అది. పొదుపు పేరుతో దాన్ని కొట్టేయకండి.

రోగం పేరు కూడా అంతే. స్నెఝ్నేవ్‌స్కీ అనే మానసిక వైద్యుడి బృందం ప్రచారం చేసిన పేరుకు తెలుగు చేస్తే 'మందకొడి స్కిజోఫ్రీనియా'. లక్షణాలు కనపడకపోయినా రోగం లోపల మెల్లగా నడుస్తోందని చెప్పడానికి వీలిచ్చే పేరు. సమాజాన్ని బాగుచేయాలనుకోవడం 'సంస్కరణ భ్రమ' అయిపోయింది. ఇలాంటివి కొటేషన్ గుర్తుల్లోనే ఉంచండి, బయటికి వదిలితే మన మాటలైపోతాయి.

చైనావాళ్లు దీనికి భలే మాట పుట్టించారు. వాళ్ల భాషలో 'బెయ్' మన 'బడు' లాంటిది. దాన్ని మానసిక రోగం అనే మాటకు తగిలించి 'బెయ్ జింగ్‌షెన్‌బింగ్' అన్నారు. వ్యాకరణం ఒప్పుకోని ప్రయోగం, ఒప్పుకోకపోవడమే అందులో వెటకారం. మనం 'రోగించబడ్డాడు' అంటే నవ్వుతారు. 'పిచ్చివాణ్ని చేశారు' అంటే మోసం చేశారనే అర్థం వస్తుంది. కానీ మనకు 'అంటగట్టు' ఉంది. పిచ్చి అంటగట్టారు అంటే లేనిదని, బలవంతంగా తగిలించారని, తగిలించినవాడు వేరే ఉన్నాడని ఒక్క దెబ్బతో తెలుస్తుంది.

ఒక జాగ్రత్త. ఆవేశంలో "ఆయనేమన్నా పిచ్చివాడా, బంధించడానికి!" అని రాస్తుంటారు. నిజంగా జబ్బు ఉన్నవాళ్లనైతే బంధించవచ్చు అన్నట్టు లేదూ?

మీ స్నేహితురాలి 'బంధించారు' అర్థానికి నిజమే. కానీ ఆసుపత్రి వేషం అందులో కనపడదు. జైలుశిక్షకు గడువుంటుంది, ఈ 'చికిత్స'కు గడువు లేదు, డాక్టరు బాగయింది అన్ననాడే విడుదల. ఆ తేడా పాఠకుడికి తెలియాలి. నేనైతే ఇలా రాస్తాను: "ప్రభుత్వ వైద్యులు పిచ్చి అంటగట్టారు. పోలీసులు చికిత్స పేరిట ఆయన్ను మానసిక చికిత్సాలయంలో నిర్బంధించారు." తర్వాత ఆయన బయటికి వచ్చే చోట మాత్రం 'డిశ్చార్జి' అనకండి, 'విడుదల' అనే రాయండి.