మీ సందేహాలు – మా జవాబులు: చిలికాలో ఒంటరి బోటు, అర్ధరాత్రి ఆగిపోయే ఫ్యాను

ప్రశ్న: బరంపురంలో బడిపంతులుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. భార్య పోయిన తరువాత ఆ ఇంట్లో ఉండబుద్ధి కాక, పర్యాటకులను తిప్పే పాత బోటు ఒకటి కొని, బాగు చేయించుకుని, నాలుగు నెలలుగా రంభ దగ్గర చిలికా సరస్సులోనే ఉంటున్నాను. పైకప్పు మీద 200 వాట్ల సోలార్ ప్యానెల్, పడక కింద 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఇళ్లల్లో వాడే ఇన్వర్టరు ఉన్నాయి. ఒక ఫ్యాను, మూడు బల్బులు, ఫోను, రేడియో, ఎప్పుడైనా మిక్సీ తప్ప వేరే వాడకం లేదు. అయినా తెల్లవారుజామున మూడు కాకుండానే ఇన్వర్టరు కూత పెట్టి ఫ్యాను ఆగిపోతోంది. ఆ తరువాత నిద్ర పట్టక, బోటు అడుగున నీటి చప్పుడు వింటూ కూర్చుంటున్నాను. ఎలక్ట్రీషియన్ ఇంకొక బ్యాటరీ కలపమంటున్నాడు. కలపమంటారా? ఒంటరివాడిని కాబట్టి ఇంకా ఏమేమి చూసుకోవాలో కూడా చెప్పగలరు.
– ఒక పాఠకుడు, రంభ, గంజాం జిల్లా

జవాబు: అయ్యా, ఇంకొక బ్యాటరీ ఇప్పుడే కొనకండి. పంట చాలని ఇంట్లో రెండో గాదె కట్టినంత మాత్రాన గింజలు పెరగవు. మీకు తక్కువైనది దాచుకునే చోటు కాదు, రోజూ లోపలికి వచ్చే కరెంటు.

లెక్క వేసి చూద్దాం. మామూలు ఫ్యాను 75 వాట్లది అనుకుంటే పది గంటలకు 750 వాట్ అవర్లు (కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే ఇవి 1000). తొమ్మిది వాట్ల బల్బులు మూడు, నాలుగు గంటలకు 108. ఫోను, రేడియో కలిపి ఒక 30. ఇక్కడితో ఆగితే 888; కానీ మీ జాబితాలో లేని తిండిపోతు ఒకటి ఉంది. అది ఇన్వర్టరే. దానికి ఏమీ తగిలించకపోయినా, ఆన్‌లో ఉన్నంతసేపూ సాధారణంగా 10 నుంచి 20 వాట్లు తానే తింటుంది. 15 అనుకున్నా రోజుకు 360. మొత్తం 1250 దాకా తేలింది. మంచి ఎండ కాసిన రోజున 200 వాట్ల ప్యానెల్ నుంచి, వేడిలోనూ తీగల్లోనూ పోయేది పోగా, 650 నుంచి 700 వాట్ అవర్లు చేతికి వస్తే సంతోషించాలి. ఆ లోటును బ్యాటరీ తన నిల్వలోంచి పూడుస్తూ వచ్చి, ఒక రాత్రి చేతులెత్తేస్తుంది. అన్నిటికన్నా చెరుపు ఏమిటంటే, సీసపు బ్యాటరీ ఎప్పుడూ సగం ఆకలితో, పూర్తిగా నిండకుండా ఉంటే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడి, ఏళ్ల తరబడి రావలసినది త్వరలోనే పాడవుతుంది. రెండోది కలిపితే రెండూ అలాగే పోతాయి.

మార్చవలసినది వాడకం. నేరుగా 12 వోల్టుల మీద తిరిగే ఫ్యాను 25 వాట్ల లోపే దొరుకుతుంది. పది గంటలకు 250. బల్బులను కూడా 12 వోల్టులవే పెట్టించి, ఫోనుకు కారులో వాడే యూఎస్‌బీ ఛార్జరును బిగించండి. ఇన్వర్టరును మిక్సీ వేసే పది నిమిషాలు మాత్రం ఆన్ చేసి, పని కాగానే దాని స్విచ్చి దగ్గరే ఆపేయండి. అప్పుడు రోజు ఖర్చు 400కు అటూ ఇటూగా ఉంటుంది, ముసురు పట్టి ప్యానెల్ సరిగా పని చేయని ఒకటి రెండు రోజులు కూడా గట్టెక్కుతాయి. తెల్లవారి ఎండ రాకముందు, అన్నీ ఆపి ఒక అరగంట ఆగి, మల్టీమీటరుతో బ్యాటరీని చూడండి. 12.7 వోల్టులుంటే నిండినట్టు, 12.2 ఉంటే సగం, 11.9 కన్నా దిగితే దాదాపు ఖాళీ. సగం కన్నా కిందికి తరచూ పోనివ్వకూడదు.

12 వోల్టులకు మారేటప్పుడు ఇంటి వైరింగు అలవాట్లు పనికిరావు. ఒక చదరపు మిల్లీమీటరు తీగతో ఆరు మీటర్ల దూరంలో ఉన్న నీళ్లు తోడే పంపుకు అయిదు ఆంపియర్లు పంపితే, పోనూ రానూ పన్నెండు మీటర్లలో ఒక వోల్టు దారిలోనే హరించుకుపోతుంది. ఇంట్లో 230లో ఒకటి పోతే ఎవరికీ తెలియదు, 12లో ఒకటి పోతే పంపు మూలుగుతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే ఆ నష్టం పావు వోల్టుకు దిగుతుంది. వీలైతే తగరం పూత ఉన్న రాగి తీగనే అడగండి. ఆ మధ్య బాలుగావ్ వైపు ఒక బోటు ఫ్యాను ఎందుకు తిరగడం లేదో చూడమంటే వెళ్లాను. పలక కింద రెండు తీగలను మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒకటి కనబడింది. టేపు విప్పితే లోపలంతా ఆకుపచ్చ చిలుము. తీగను ఇంకా ఒలుచుకుంటూ పోతే జానెడు లోపలి దాకా రాగి నల్లబడి, వేలితో నలిపితే పొడిగా రాలింది. ఉప్పు గాలి తొడుగు లోపలికి అంత దూరం పాకిపోతుంది. అందుకే మెలిపెట్టిన అతుకులు మీ బోటులో ఒక్కటి కూడా ఉండనివ్వకండి. నొక్కి బిగించే లగ్గులు వేసి, వేడికి ముడుచుకునే గొట్టం తొడిగించండి.

ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. 12 వోల్టులు ముట్టుకుంటే షాకు కొట్టదు కాబట్టి దానిని చిన్నచూపు చూస్తారు గాని, తీగ తొడుగు ఒరిసి ఎక్కడైనా షార్టయితే ఆ బ్యాటరీ ఒక్కసారిగా వందల ఆంపియర్లు కక్కి తీగను ఎర్రగా కాల్చేస్తుంది. ఫ్యూజు కాపాడేది ఫ్యానును కాదు, తీగను. దూరంగా పెడితే మధ్యలో ఉన్న తీగకు కాపలా ఉండదు.

బ్యాటరీ పడక కింద ఉందని రాశారు, అది వెంటనే మార్చవలసిన సంగతి. ఛార్జి అయ్యేటప్పుడు వెలువడే హైడ్రోజన్ తేలికగా పైకి లేస్తుంది, గాలిలో నాలుగు శాతం చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. పైభాగాన గాలి పోయే దారి ఉన్న పెట్టెలో, అలలకు కదలకుండా కట్టి పెట్టండి. వంట గ్యాసు సంగతి దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: అది గాలికన్నా బరువు, కారితే బోటు అడుగుకు దిగి అక్కడే నిలుస్తుంది. సిలిండరు బయట, పైన ఉండాలి.

ఇక మీరు రాత్రి వింటున్న నీటి చప్పుడు. ఒంటరివాడి బోటులో అన్నిటికన్నా ముందు కరెంటు అందవలసినది ఫ్యానుకు కాదు, అడుగున చేరే నీటిని తోడే బిల్జ్ పంపుకు. నీరు చేరగానే పైకి తేలి పంపును తానే నడిపించే స్విచ్చి ఉన్నది తెచ్చి, మెయిన్ స్విచ్చితో సంబంధం లేకుండా, దాని ఫ్యూజు దానికి వేసి బ్యాటరీ నుంచే నేరుగా కలిపించండి. మీరు అన్నీ ఆపి బరంపురం వెళ్లినా అది తన పని చేసుకుంటుంది. పంపు తిరిగినప్పుడు వెలిగే చిన్న దీపం ఒకటి పడక దగ్గర పెట్టుకుని, రోజుకు ఎన్నిసార్లు వెలిగిందో పుస్తకంలో రాయండి. రోజుకు ఒకసారి తిరిగేది మూడుసార్లు తిరిగిందంటే, ఇంజను ఇరుసు బయటికి వచ్చే చోట నీరు లోపలికి రాకుండా కూరే గ్లాండు ప్యాకింగు అరిగిందేమోనని మొదట చూడాలి. అంకె కళ్లముందు ఉంటే చప్పుడు వింటూ కూర్చోవలసిన పని తగ్గుతుంది.

రాత్రి లంగరు దీపం ఎటూ వెలగాలి. రెండు వాట్ల ఎల్ఈడీ అణియం (బోటు ముందు కొస) దగ్గర పెట్టండి, రాత్రంతా వెలిగినా 24 వాట్ అవర్లే. వలలు ఎత్తి ఉదయం తిరిగి వచ్చే మన మత్స్యకారుల్లో తెలిసినవారికి ఒక మాట చెప్పి ఉంచండి: పొద్దెక్కినా ఆ దీపం ఆరలేదంటే పడవ దగ్గరికి తెచ్చి ఒక కేక వేయమని. దీనికోసం దానికి ఆటోమేటిక్ స్విచ్చి పెట్టకండి, చేతితోనే ఆర్పండి. తుపాను హెచ్చరిక వచ్చిన రోజున మాత్రం ప్యానెల్ విప్పి లోపల పెట్టి, పంపు ఒక్కటే ఉంచి, మీరు ఒడ్డుకు వచ్చేయాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపురం దగ్గరే తీరం దాటిన సంగతి గంజాంలో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు.

ప్రశ్న: నాదీ చిలికాలో బోటే. ఒడ్డున తెలిసినవారి కొట్టు నుంచి ఎక్స్‌టెన్షన్ తీగ లాగి 230 వోల్టులు తెచ్చుకోవచ్చా?
– మరొక పాఠకుడు, ఛత్రపురం

జవాబు: ఒడ్డు వైపు, కరెంటు కొద్దిగా కారినా వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తు, రబ్బరు తొడుగున్న మూడు కోర్ల తీగ, ఈ మూడూ ఉంటేనే. ఎర్తు లేని రెండు తీగల సరంజామా అయితే వద్దే వద్దు. బోటులోంచి కరెంటు నీటిలోకి కారితే పక్కన ఈదేవాడి కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి, పైకి గాయం కనబడకుండానే మునిగిపోతాడు. ఉప్పునీటిలో కరెంటు ఎక్కువగా నీటిగుండానే పోతుంది గాని, మంచినీటిలో నీటికన్నా మనిషి ఒళ్లే దానికి సులువైన దారి. వానాకాలం నదుల నీరు వచ్చి చిలికాలో ఉప్పు తగ్గిన రోజుల్లో ఈ ప్రమాదం పెరుగుతుంది. తీగ తగిలించి ఉన్నంతసేపు బోటు పక్కన ఎవరినీ నీళ్లలోకి దిగనివ్వకండి. తగిలించేటప్పుడు ముందు బోటు వైపు, తరువాత ఒడ్డు వైపు. తీసేటప్పుడు ముందు ఒడ్డు వైపు తీయాలి.