కాపు లేని చెట్టునూ లెక్కలో రాయి

చి. వసంతకు,

మామయ్య ఆశీస్సులు. అడవిలో ఎలుగుబంట్లూ జింకలూ తినే ఓక్ కాయల లెక్క ఈ ఏడు నుంచి నీకు అప్పజెప్పారని తెలిసి ఎంత సంతోషించానో చెప్పలేను. నాకు తెలిసినవి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు చెట్లు. బాగా కాసినవాటి వైపే మనసు లాగుతుంది, వినకు. లావువీ సన్నవీ, లోయలోవీ గట్టు మీదవీ కలిపి ఎంచి, నంబరు బిళ్లలు కట్టు. ఇక ఏటా అవే చెట్లు. నేను మొదలుపెట్టిన మూడో ఏడు నా జాబితాలోని చెట్లు కొన్ని బోసిగా ఉంటే, పక్కన కాసినవాటిని చూసి రాసుకున్నాను. నిజానికి ఆ ఏడు అడవంతా కాపు తప్పింది. ఎలుగుబంట్లు తిండికోసం ఇళ్ల దగ్గరికి వచ్చేస్తుంటే, నా పుస్తకం మాత్రం కాపు పర్వాలేదనే చెప్పింది. సున్నా ఉన్నచోట సున్నా అనే రాయి.

లెక్కించడం ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో, కాయలు రాలకముందే అయిపోవాలి. కాలిఫోర్నియాలో వాల్టర్ కోనిగ్ అనే శాస్త్రవేత్త బృందం 1980 నుంచి వాడుతున్న పద్ధతి నాకు ఇష్టం. ఇద్దరు చెట్టు కింద చెరోవైపు నిలబడి, బైనాక్యులర్స్‌తో 15 సెకన్లు ఎన్ని కాయలు కనిపిస్తే అన్ని లెక్కపెడతారు. రెండూ కూడితే ఆ చెట్టు అంకె. చెట్టు మీద ఉన్న కాయలన్నీ అందులోకి రావు, రానక్కర్లేదు. ఏటికేడు పోల్చుకోవడానికి అది చాలు.

తెల్ల ఓక్, ఎర్ర ఓక్ కలిపి రాయకు. తెల్ల ఓక్ వసంతంలో పూసి అదే ఏడు పండుతుంది. ఎర్ర ఓక్ కాయకు రెండో ఏడు కావాలి. ఎర్ర ఓక్ కొమ్మ ఒకటి కిందికి వంచి చూడు. పాత పుల్ల మీద నిండు కాయలుంటాయి. ఈ ఏటి లేత చిగురు మీద, ఆకు మొదట్లో మిరియపు గింజంత బుడిపెలు కనిపిస్తాయి. వచ్చే ఏటి కాపు అదే! అందుకే వసంతంలో మంచు కాటేస్తే తెల్ల ఓక్‌కు ఆ ఏడే దెబ్బ తెలుస్తుంది, ఎర్ర ఓక్‌కు మరుసటి ఏడు.

రాలిన కాయలు కూడా ఓ పది కోసి చూడు. గుండ్రటి చిల్లు ఉందంటే పురుగు తినేసి బయటికి పోయింది. చిల్లు లేని కాయలోనే తెల్లటి పురుగు ఉండొచ్చు. చెట్టు మీది అంకె ఎంత పెద్దదైనా, లోపల గోధుమ రంగు పొడి ఉంటే జింకకు ఏం మిగులుతుంది?

ఆడ ఎలుగుబంటి వేసవిలో జతకట్టినా, ఈ కాయలు తిని చలికాలానికి ఒంట్లో కొవ్వు పట్టకపోతే పిండం నిలవదు. కాపు బాగా ఉన్న మరుసటి వసంతంలో ఎలుకలు పెరుగుతాయి. నీ అంకెల కోసం ఎదురుచూసేవాళ్లు ఇందుకే చూస్తారు.

నా పాత పుస్తకాలు పంపుతున్నాను. మూడో ఏటి పేజీకి ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టాను. ఆ అంకెలు దేనిలోనూ కలపకు.

మామయ్య