బండి వేడికి డిఫ్లెక్టర్ కొనబోయే మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ఫోటోలూ చూశాను. బైకు వేడి కాళ్లకు తగలకుండా వీటిలో ఏది కొనమంటావు మామయ్యా అన్నావు. ఇప్పుడే ఏదీ కొనకు. మొదటిది రేడియేటర్ వెనక బిగించే రేకు. రెండోది సైలెన్సర్ బెండ్ పైపుకు కట్టే కవచం. మూడోది ట్యాంకు కింద, తొడకు ముందు నిలబడే రెక్క. అమ్మేవాళ్లు మూడింటికీ హీట్ డిఫ్లెక్టర్ అనే పేరే పెడతారు గానీ మూడూ మూడు వేరు పనులకు. తప్పుది తెచ్చావంటే మోకాలి నొప్పికి మోచేతికి కట్టు కట్టినట్టే.

ఏ డిఫ్లెక్టరూ ఇంజన్‌ని చల్లబరచదు, అది ముందు తెలుసుకో. పెట్రోల్ మండగా వచ్చిన వేడిలో చక్రం తిప్పడానికి పనికొచ్చేది పావు వంతు, మహా అయితే మూడో వంతు. మిగిలిందంతా సైలెన్సర్ గుండానో రేడియేటర్ గుండానో బయటికి పోవాల్సిందే. అది నీ మోకాలి మీదుగా పోవాలా, పక్కనుంచి పోవాలా అన్నదొక్కటే మన చేతిలో ఉంది.

కాలికి వేడి తగిలే దారులు మూడు. రేడియేటర్ ఫ్యాన్ తోసే వేడి గాలి ఒకటి. పొద్దంతా ఎండకు కాగిన గోడ పక్కన సాయంత్రం నిలబడితే గాలి ఆడకపోయినా సెగ కొడుతుంది చూడు, పైపు నుంచీ, పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ నుంచీ వచ్చేది ఆ రకం. ఫ్రేమ్, ట్యాంకు, ఇంజన్ కవర్ కాగిపోయి నేరుగా కాలికి ఆనుకోవడం మూడోది. గాలిని మళ్లించాలి, సెగకు అడ్డు పెట్టాలి, ఆనుకునేదానికి మధ్యలో పొర వేయాలి. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బళ్లలో కన్వర్టర్ ఇంజన్‌కి దగ్గరగా జరిగింది. అది 250, 300 డిగ్రీలకు చేరితేగానీ పని మొదలెట్టదు, అందుకే త్వరగా వేడెక్కే చోట పెట్టారు. ఆ సెగ మడమకో పిక్కకో తగులుతుంది.

నీకు తగిలేది ఏదో తేల్చుకోడానికి ఒక ఆదివారం పొద్దున చాలు. పది నిమిషాలు 60లో నడిపి, ఓ పక్కకు ఆపి, ఇంజన్ ఆపకుండా ఫ్యాన్ తిరిగేదాకా కూర్చో. ఫ్యాన్ మొదలయ్యాకే మోకాలి కింద కొడితే అది రేడియేటర్ గాలి. ఫ్యాన్ తిరిగినా ఆగినా ఒక్క పైపు వైపు కాలికే సెగ తగిలితే కారణం పైపు. రెండు తొడల లోపలివైపూ మెల్లమెల్లగా కాగుతూ అరగంటకి భరించలేకపోతే ఫ్రేమూ ట్యాంకూ.

బండి నడుస్తున్నప్పుడు గాలి దారి కంటితో చూడాలంటే ఊలు దారం తెచ్చుకో. పది సెంటీమీటర్ల ముక్కలు ఓ డజను కోసి రేడియేటర్ పక్క ప్లాస్టిక్ మీద, ట్యాంకు అంచున, ప్యాంటు మోకాలి దగ్గర టేపుతో అంటించు. చైన్ వైపు, ఫ్యాన్ రెక్కల వైపు మాత్రం వద్దు. ఖాళీ రోడ్డు మీద 50లో పోతుంటే పక్క బండి మీద వెనక కూర్చున్నవాణ్ణి వీడియో తీయమను. దారాలు వెనక్కి తిన్నగా ఎగిరితే గాలి సాఫీగా పోతోందన్నమాట. గింగిరాలు తిరుగుతున్నా, ముందుకు మళ్లుతున్నా అక్కడ వేడి గాలి సుడి కట్టింది. రేకు కావాల్సింది ఆ సుడి దగ్గరే. నిలబెట్టిన బండి దగ్గర అగరుబత్తి పొగతో చూడమనేవాళ్లు ఉంటారు. పెట్రోల్ ట్యాంకు కింద నిప్పు పెట్టుకోమనే సలహా అది, వినకు. వేలితో పట్టుకున్న టిష్యూ కాగితం పీలిక అదే చెబుతుంది.

కొనే ముందే చేయాల్సిన పని ఇంకోటి ఉంది. రేడియేటర్ రెక్కల మధ్య మట్టీ పురుగులూ నిండి ఉంటే ఎన్ని రేకులు పెట్టినా దండగ. తోట పైపుతో, మెల్లగా, వెనకనుంచి ముందుకు నీళ్లు కొట్టు. సర్వీస్ షెడ్డులో ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే ఆ రెక్కలు వంగిపోయి గాలి దారే మూసుకుంటుంది. రేడియేటర్‌లో తిరిగే కూలెంట్ ద్రవం పోసి రెండేళ్లు దాటితే మార్పించు. గాఢ కూలెంట్ అయితే ఖనిజాలు తీసేసిన డీమినరలైజ్డ్ నీళ్లతో సగం సగం కలపాలి, రెడీమిక్స్ అయితే ఏమీ కలపకూడదు. బోరు నీళ్లు పోశావా, లోపల సున్నం పేరుకుంటుంది. రేడియేటర్ మూత ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలని నీకు వేరే చెప్పక్కర్లేదు. రేడియేటర్ ముందు జాలీ గార్డు బిగించి ఉంటే దాని కన్నాలు ఎంత సన్నగా ఉన్నాయో చూడు. మరీ దగ్గర జాలీ రాళ్లతోపాటు గాలినీ ఆపేస్తుంది. ఇవన్నీ సరిచేశాక చాలాసార్లు డిఫ్లెక్టర్ ఊసే రాదు.

అయినా మోకాలు కాలుతుంటే రేకు సంగతి చూద్దాం. డ్యూక్ 390, డామినార్ 400, కొత్త హిమాలయన్ 450 లాంటి లిక్విడ్ కూల్డ్, అంటే కూలెంట్‌తో చల్లారే బళ్లకు రేడియేటర్ ముందుంటుంది, దాన్ని దాటొచ్చిన గాలి ఇంజన్‌కి తగిలి రెండు పక్కలకూ చీలుతుంది. రేకు పని ఆ గాలిని ఆపడం కాదు, కిందికీ బయటికీ తిప్పడం. ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. వేడి వస్తున్న కంత కనబడగానే దాన్ని మూసేస్తారు. వెనకనుంచి గాలి బయటికి పోకపోతే ముందునుంచి లోపలికి రాదు. మొదటి రెండు రోజులు కాలికి హాయిగానే ఉంటుంది, ఆపైన ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, ఏ ట్రాఫిక్‌లోనో టెంపరేచర్ లైటు వెలుగుతుంది.

కాబట్టి ఫ్యాన్‌కూ రేకుకూ మధ్య నాలుగు వేళ్ల సందైనా ఉంచు. గాలి పోయే దిక్కుకి 30 డిగ్రీల వాలుతో మొదలుపెట్టి, చాలకపోతే కొంచెం కొంచెంగా 45 దాకా పెంచు. నిటారుగా అడ్డం పెడితే రేకు వెనక ఒత్తిడి తగ్గి, చుట్టూ ఉన్న వేడి గాలినే లాగి మోకాలి మీద పోస్తుంది. బండి వెడల్పు దాటి బయటికి 4 నుంచి 6 సెంటీమీటర్లు వస్తే చాలు, అంతకు మించితే బండి పడ్డప్పుడు మొదట విరిగేది అదే. బిగించకముందు ఫ్యాన్ మొదలై ఆగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో కొలిచి రాసుకో. బిగించాక అదే వేళకి, అదే నీడలో మళ్లీ కొలువు. ఆ సెకన్లు బాగా పెరిగితే రేకు వల్ల బండి ఊపిరి బిగబడుతోందని అర్థం. కత్తిరించు, లేదా వాలు తగ్గించు.

పైపు సెగకు రేకు లెక్క వేరు. కవచానికీ పైపుకీ మధ్య 10, 12 మిల్లీమీటర్ల గాలి ఉండాలి, అసలు పని చేసేది ఆ గాలే. పైపుని తాకేలా బిగించిన కవచం రెండో పైపులా కాగుతుంది. పైపు వైపు ముఖం మెరిసే అల్యూమినియంగానే వదిలెయ్, నల్ల రంగు పూస్తే సెగని తిప్పికొట్టడం మానేసి పీల్చుకుంటుంది. బయటి ముఖానికి నీ ఇష్టం. పైపుకు కట్టే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లిప్పులు రెండు చాలు.

పైపుకు చుట్టే గాజు పీచు టేపు గురించి కూడా అడిగావు. పనిచేస్తుంది, కానీ దాన్ని అంతగా మెచ్చను. మామూలు ఇనుప పైపైతే వానాకాలంలో ఆ గుడ్డలో తేమ నిలిచి లోపల తుప్పు పడుతుంది, పైకి కనబడదు. ఇంజన్ ఆయిల్ కారి అందులో ఇంకితే అంటుకునే ప్రమాదమూ ఉంది. కన్వర్టర్ ఉన్న భాగం మీద మాత్రం ఎప్పుడూ చుట్టకు, అది తనలో తానే మితిమీరి కాగి పాడవుతుంది. చుట్టి తీరతానంటే స్టెయిన్‌లెస్ పైపుకే చుట్టు, చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్కు పెట్టుకో. గాజు పీచు గుచ్చుకుంటే రెండు రోజులు దురద పోదు.

ఫ్రేమూ ట్యాంకూ కాగే రకానికి ట్యాంకు అడుగున అంటించే అల్యూమినియం పూత ఉన్న గాజు గుడ్డ బాగుంటుంది. ట్యాంకు ఎత్తి, పెట్రోల్ పైపు నలగకుండా, జిడ్డు తుడిచి అంటించాలి. అది చేయించడం మెకానిక్‌కి ఇవ్వు, గంట పని.

ఇక మూడో ఫోటోలోని రెక్కలు. అవి పుట్టింది హార్లే టూరింగ్ బళ్ల కోసం. రెండు సిలిండర్లు 45 డిగ్రీల కోణంలో ఉండే వాటి వి-ట్విన్ ఇంజన్‌లో వెనక సిలిండర్ సరిగ్గా తొడల మధ్యకి వస్తుంది, ముందు సిలిండర్ దానికి గాలి అందకుండా అడ్డం. ట్యాంకు కింద రెండు వైపులా పెట్టే ఆ రెక్కలు అక్కడినుంచి లేచే వేడిని కాలికి బయటగా తోస్తాయి. టెక్సాస్‌లో ఉన్న మీ అన్న హార్లేకి అవి సరిపోతాయి, ఒక్క సిలిండరున్న నీ బండికి అక్కర్లేదు. అన్నట్టు, బాగా కాగిన హార్లే సిగ్నల్ దగ్గర నిలబడితే వెనక సిలిండర్‌కి ఇంధనం ఆపుకునే ఏర్పాటు చాలా మోడళ్లలో ఉంది. చప్పుడు మారేసరికి బండి చెడిందని కంగారు పడతారు. అది రిపేరు కాదని వాడికి చెప్పు. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కులకి కట్టే కింది డిఫ్లెక్టర్లు వాడి బండికి ఉంటే వేసవికి తీసేయమను. హెల్మెట్‌కి కొట్టే గాలి సుడిని అవి ఆపుతాయి నిజమే, కాళ్లకి అందే గాలినీ ఆపుతాయి.

గాలితో చల్లారే బుల్లెట్ రకం బళ్లకి ఇంకో జాగ్రత్త. సిలిండర్ రెక్కలకి గానీ ఆయిల్ కూలర్‌కి గానీ ముందు ఏమీ అడ్డం రాకూడదు. చలికాలంలో కాళ్లగార్డుకి కట్టిన రెక్సిన్ కవర్ వేసవిలోనూ ఉంచేసి, బండి వేడెక్కుతోందని అడిగేవాళ్లూ ఉన్నారు!

సరుకు విషయానికొస్తే, సెగ తగిలే చోట లోహం తప్ప ఏదీ వద్దు. అక్రిలిక్, ఏబీఎస్ ప్లాస్టిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడతాయి. పాలీకార్బొనేట్ మెత్తబడేది 140 దగ్గర, రెక్కలకి 3 మిల్లీమీటర్ల మందం బాగుంటుంది. కానీ దానికి పెట్రోల్, బ్రేక్ క్లీనర్, బోల్టుకి రాసే థ్రెడ్‌లాక్ పడవు, బోల్టు చుట్టూ సాలెగూడులా చీలికలు వస్తాయి. సబ్బునీళ్లతోనే కడుగు. 6 మిల్లీమీటర్ల బోల్టుకి 8 మిల్లీమీటర్ల కన్నం వేసి, కన్నానికి తొడిగే రబ్బరు వలయం, అదే గ్రోమెట్, పెట్టి, పెద్ద వాషర్‌తో బిగించు. చేత్తో బిగిశాక స్పానర్‌తో అర తిప్పు చాలు.

సొంతంగా చేయించుకుంటానంటే ముందు పాత క్యాలెండర్ అట్టతో ఆకారం కోసుకో. హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పు, ముందు బ్రేకు పట్టి ఫోర్కు గట్టిగా కిందికి నొక్కు. అట్ట ఎక్కడా తగలకూడదు, కేబుల్ లాగకూడదు. తర్వాత దాన్నే 1.5 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు మీద గీసుకో. 5052 గ్రేడ్ అడుగు, వంచితే పగలదు; 6061 గట్టిదే గానీ పదునుగా వంచితే మడత దగ్గర చీలుతుంది. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కత్తిరించి వంచేవాళ్లు దొరుకుతారు. అంచులు ఆకురాయితో నున్నగా చేయించి రబ్బరు బీడింగ్ తొడిగించు, లేకపోతే పడ్డప్పుడు పిక్క కోసుకుంటుంది. పైపు దగ్గర నైలాన్ రింగున్న లాక్‌నట్ వాడకు, 120 డిగ్రీలు దాటితే ఆ నైలాన్ పట్టు వదులుతుంది. పూర్తిగా లోహపు లాక్‌నట్ పెట్టు. ఫ్రేమ్‌కి కన్నం వేయడం, వెల్డింగ్ కొట్టడం ఏ పరిస్థితిలోనూ వద్దు. కంపెనీ బోల్టు ఉన్న చోటే ఇంకాస్త పొడవు బోల్టుతో బిగించాలి. వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగింపు చూసుకో.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ కొన్నావన్నావు కదా. మెరిసే లోహం మీద అది తప్పు చెబుతుంది, ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. నల్ల టేపు ముక్క అంటించి దాని మీద కొలువు. బాగా కాగే పైపు మీద టేపు నిలవదు, అక్కడ కొలవడం మానెయ్.

చివరికి బయటి గాలి సంగతి. చర్మం దాదాపు 35 డిగ్రీలు ఉంటుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో గాలే 44 ఉన్నప్పుడు, ఒంటి మీదికి ఎక్కువ గాలి తెచ్చే రెక్క ఒంటికి వేడే తెస్తుంది. అప్పుడు చల్లబరిచేది చెమట ఆరడం ఒక్కటే. పొడి గాలిలో అది క్షణాల్లో ఆరిపోతుంది, అందుకని పూర్తి చేతుల చొక్కా, లోపల తడిపిన నూలు బనీను, పైన జాకెట్ జిప్పు సగం మూసి పో. మచిలీపట్నం, విశాఖ వైపు ఉక్కపోతలో చెమట ఆరదు కాబట్టి అక్కడ జాలీ జాకెట్టూ గాలి రెక్కలూ నిజంగా పనికొస్తాయి. నైలాన్ ట్రాక్‌ప్యాంటుతో మాత్రం బండెక్కకు, పైపుకి తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. చీలమండ దాటే తోలు బూట్లు వేసుకో. 60 డిగ్రీల లోహం అయిదారు సెకన్లు తాకితే చాలు, చర్మం కాలుతుంది. 44, 45 డిగ్రీల కవర్‌కి గంటల తరబడి కాలు ఆనించినా అంతే, నొప్పి తెలియకుండా బొబ్బ లేస్తుంది.

ఆ ఊలు దారాల వీడియో ముందు పంపు. ఫ్యాన్ సెకన్లు కూడా రాసి పంపు. చూసి, రేకు వెడల్పూ వాలూ చెబుతాను. అప్పటిదాకా ఆర్డర్ పెట్టకు.

ఇట్లు,
మీ మామయ్య