రాల్ఫ్ కార్ గురించి రాస్తున్న అమ్మాయికి

చి. అమ్మాయికి, ఆశీస్సులు.

అమెరికాలో కొలరాడో రాష్ట్రానికి ఒకప్పటి గవర్నర్ రాల్ఫ్ కార్ మీద నువ్వు రాసింది చదివాను. ఆయనంటే నీకెంత గౌరవమో ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. ఆ గౌరవం చాటునే మనిషి కనబడకుండా పోయాడు. 'మహనీయుడు', 'మానవతామూర్తి' లాంటి మాటలు కొట్టేసి, జరిగినవి జరిగిన వరసలో చెప్పు.

1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఉత్తర్వు. పసిఫిక్ తీరంలోని జపాన్ సంతతివాళ్లను, లక్షమందికి పైగా, ఇళ్లూ పొలాలూ వదిలించి తరలించారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. పశ్చిమ రాష్ట్రాల గవర్నర్లు చాలామంది వాళ్లను మా దగ్గరికి పంపొద్దన్నారు. కార్ రానివ్వండన్నాడు. వాళ్లకు హాని చెయ్యాలంటే ముందు నాకు చెయ్యాలని సొంత రాష్ట్రం జనంతోనే అన్నాడు.

ఇక్కడ తొందరపడకు. ఆ మాట ఎక్కణ్ణించి వచ్చిందో పాఠకుడికి తెలియాలి. క్రిపుల్ క్రీక్ గనుల ఊళ్లో పెరిగాడు. స్పానిష్ మాట్లాడేవాళ్ల మధ్య, ఆంటొనీటోలో ప్లీడరీ చేశాడు. చిన్న ఊళ్లో జాతిద్వేషం తెచ్చే సిగ్గు తనకు తెలుసని ఆయనే చెప్పుకున్నాడు. రిపబ్లికన్, రూజ్‌వెల్ట్ విధానాలు గిట్టనివాడు. నువ్వు ఈ సంగతి దాచావు, ఎందుకు? నేరం మోపకుండా, విచారణ లేకుండా పౌరుణ్ణి నిర్బంధించడం రాజ్యాంగానికి విరుద్ధమన్నది ఆయన వాదన. జాలి ఒక్కటే అయితే అంత ఎదురుగాలికి నిలిచేది కాదని నా నమ్మకం.

తరలించినవాళ్లను నిర్బంధించిన అమాచీ శిబిరం పేరే నీ వ్యాసంలో లేదు. అది ఆయన రాష్ట్రంలోదే, గ్రెనడా ఊరి పక్కన. ముళ్లకంచె, కాపలా బురుజులు, లోపల ఏడు వేలమందికి పైగా జనం. ఆయన తరలింపును ఆపలేదు. యుద్ధకాలంలో కేంద్రానికి సహకరించడం రాష్ట్రం విధి అన్నాడు. ఇది రాస్తే ఆయన తగ్గిపోతాడని భయపడకు. కంచె లోపలివాళ్లను వదిలేసి ఆయన కథ ఒక్కటే చెప్పడం అన్యాయం.

1942లో సెనేట్‌కు పోటీ చేసి, ఎడ్విన్ జాన్సన్ చేతిలో నాలుగు వేల లోపు ఓట్లతో ఓడిపోయాడు. జపాన్ సంతతివాళ్ల పక్షాన నిలిచాడు కాబట్టి, 'ఈ ఒక్క కారణంతోనే' ఓడాడని రాశావు. జాన్సన్ అప్పటికే సెనేటరు, అంతకుముందు గవర్నరు కూడా. 'ఇదీ ఒక కారణం' అని మార్చు. 1950లో కార్ మళ్లీ గవర్నర్ అభ్యర్థిగా నిలబడి, పోలింగుకు ముందే సెప్టెంబరులో చనిపోయాడు. దీనికి విశేషణాలేవీ తగిలించకు.

ఈసారి ఆంటొనీటో నుంచి మొదలుపెట్టి తిరగరాయి. సంక్రాంతి లోపు పంపితే చూసి పెడతాను.