అమ్మ చేతి చర్మం ముక్క ఎవరిది?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది గుంటూరు. మా అమ్మకు 56 ఏళ్లు. పాతికేళ్లుగా మిర్చి యార్డు దగ్గర కాయలకు తొడిమలు తీసే పనికి వెళ్తోంది. చేతుల మీద చర్మం మందమై, నల్లబడి, పగులుతుంటే మొన్న వేసవిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. పరీక్షకని ముంజేతి నుంచి రెండు చిన్న ముక్కలు తీశారు. ఒకటి నీళ్లలాంటి ద్రవంలో వేశారు. రెండోది గులాబీ రంగు ద్రవంలో వేసి ఐసు పెట్టెలో పెట్టారు. అమ్మకు చదువు రాదు. నేను మందుల షాపు దగ్గర ఉండగా రెండు కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నారు. ఇప్పుడు ఫోన్ చేసి, "ఇంకో శాంపిల్ కావాలి, ఆటో ఖర్చులు ఇస్తాం" అంటున్నారు. ఫైలు తిరగేస్తే ఇంగ్లీషులో ఉన్న రెండో కాగితంలో శాంపిల్‌ను పరిశోధన కోసం దాచుకోవచ్చని ఉంది. బిల్లులో "కల్చర్" పేరుతో 1,800 రూపాయలు వేశారు. అమ్మ చర్మాన్ని అమ్ముకుంటున్నారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. ఆ ముక్క వెనక్కి అడగవచ్చా? కేసు వేయవచ్చా?

జవాబు: ముందు ఆ ఫోన్ సంగతి తేల్చేద్దాం. అడిగారు కదా అని ఇంకో శాంపిల్ ఇవ్వాల్సిన పని లేదు. అది అమ్మ జబ్బు తెలుసుకోడానికా, వాళ్ల పరిశోధనకా అని సూటిగా అడగండి. ఆటో డబ్బులు ఇస్తామంటున్నారంటే పరిశోధనకే అని నా అనుమానం. పరీక్షలకు రమ్మని ఎదురు ఛార్జీలిచ్చే ఆసుపత్రిని నేనింతవరకు చూడలేదు. పరిశోధనకైతే వద్దనే హక్కు ఆవిడకు ఉంది. వద్దన్నందుకు వైద్యం ఆపకూడదు, తగ్గించకూడదు.

అయితే రెండు సీసాలు కనిపించాయి కదా అని మోసం జరిగిందని అనుకోకండి. ఇప్పుడు చెప్పేది లా పుస్తకాల్లోది కాదు, కేసుల కోసం పాథాలజిస్టుల (శాంపిల్స్ పరీక్షించే డాక్టర్ల) చుట్టూ తిరిగి నేర్చుకున్నది. నీళ్లలా కనిపించేది ఫార్మలిన్. అందులో పడితే కణాలు చచ్చిపోయి, ఉన్న ఆకారంలోనే నిలిచిపోతాయి. తర్వాత ఆ ముక్కను మైనంలో పొదిగి బ్లాక్ చేసి, పల్చటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద చూస్తారు. కొన్ని జబ్బులకు రెండో ముక్క కూడా నిర్ధారణకే కావాలి. చర్మంలో చేరిన యాంటీబాడీలను మెరిసే రంగుతో పట్టుకునే ఇమ్యునోఫ్లోరెసెన్స్ పరీక్షకు ఫార్మలిన్‌లో వేసిన ముక్క పనికిరాదు. ఫంగస్ ఉందేమో పెంచి చూడడానికీ పనికిరాదు, ఆ ఫంగస్ పరీక్షనూ కల్చర్ అనే అంటారు. కానీ గులాబీ రంగు, ఐసు అన్నారు చూడండి, అక్కడ నాకూ చెవులు నిక్కాయి. బతికున్న కణాలను ల్యాబులో పెంచే పోషక ద్రవానికి సాధారణంగా ఆ రంగే ఉంటుంది. అలా పెంచడాన్నీ కల్చర్ అనే అంటారు. పెంచిన కణాలను ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ 196 డిగ్రీల చలిలో ఏళ్ల తరబడి దాచవచ్చు. అయినా ద్రవం రంగు చెప్పి కేసు గెలవలేం. ఫైలులో రెండో ముక్కకు రిపోర్టు ఉందా లేదా? అది చూడండి. రిపోర్టు లేకపోతే మన అనుమానానికి బలం వస్తుంది.

ఇక వేలిముద్ర. వైద్యానికి ఒప్పుకోవడం వేరు, పరిశోధనకు ఒప్పుకోవడం వేరు. 2008లో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో, పరీక్షకు మాత్రమే ఇచ్చిన సమ్మతిని చికిత్సకు ఇచ్చినట్టుగా తీసుకోకూడదని చెప్పింది. అది పరిశోధన కేసు కాదు. కానీ చికిత్సకే సరిపోని సమ్మతి, రోగికి ఏ మేలూ లేని పరిశోధనకు ఎలా చాలుతుందని మనం వాదించవచ్చు. దానికంటే సూటిగా పనికొచ్చేవి భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు. మనుషుల మీద పరిశోధనకు ముందు, అది రోగులకు అన్యాయం చేయకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. విషయం రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలి. చదువు రానివాళ్ల వేలిముద్ర తీసుకునేటప్పుడు, ఆ పరిశోధనతో సంబంధం లేని, చదువొచ్చిన సాక్షి మొదటి నుంచీ పక్కనే ఉండి సంతకం పెట్టాలి. మీ కాగితంలో ఆ సాక్షి గడి చూడండి. ఖాళీగా ఉందా? లేక ఆ పరిశోధన బృందంలోని మనిషే గీకేశారా? మీ కేసు సగం ఆ గడిలోనే ఉంది.

మార్గదర్శకాలే కదా, పాటించకపోతే ఏమవుతుందని ఆసుపత్రి వాళ్లు అనవచ్చు. అవుతుంది. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి, 2002లో 7.22 నిబంధన ప్రకారం రోగుల మీద పరిశోధనలో ఈ మండలి మార్గదర్శకాలను ఉల్లంఘిస్తే అది దుష్ప్రవర్తన కిందికే వస్తుంది. పైగా 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు ఇలాంటి పరిశోధనలకు కూడా ఎథిక్స్ కమిటీని తప్పనిసరి చేశాయి.

ముక్క ఎవరిదన్నారు. అమెరికాలో 1990లో మూర్ అనే రోగి కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు, శరీరం నుంచి తీసిన కణాల మీద రోగికి ఆస్తి హక్కు లేదు, కానీ చెప్పకుండా వాడుకున్నందుకు డాక్టరు మీద దావా వేయవచ్చు అంది. మన మార్గదర్శకాలు ఈ విషయంలో రోగి వైపే ఉన్నాయి: శాంపిల్, దాని సమాచారం ఇచ్చినవాళ్లవే, సంస్థ కాపలాదారు మాత్రమే. కాబట్టి వెనక్కి తీసుకుంటామని అమ్మ చెప్పవచ్చు. ఒక్క చిక్కుంది. శాంపిల్ మీద ఎవరిదో తెలిపే గుర్తులన్నీ పూర్తిగా తీసేశాక అది ఎవరిదో వాళ్లకే తెలియదు, అప్పుడు వెనక్కి అడగడం కుదరదు. అందుకే ఈ వారంలోనే లెటర్ పెట్టమంటున్నాను.

ఆ లెటర్‌లో "మా అమ్మ శాంపిల్స్ అన్నీ ఇచ్చేయండి" అని మాత్రం రాయకండి. కోపంలో అందరూ అలాగే రాస్తారు. మైనం బ్లాక్ అమ్మ వైద్యానికి ఆధారం. రేపు హైదరాబాద్‌లో ఇంకో డాక్టరుకు చూపించాలన్నా అదే కావాలి. దాన్ని భద్రంగా ఉంచమని, పరిశోధనకు తీసినదాన్ని మాత్రం వాడకుండా ఆపి, ఏం చేశారో తెలపమని రాయండి. ఎథిక్స్ కమిటీ అనుమతి కాపీ, రెండు సమ్మతి పత్రాల కాపీలు, శాంపిల్ బయటి సంస్థకు ఏదైనా వెళ్లిందా అన్న వివరం అడగండి. వైద్య రికార్డుల నకళ్లు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని ఆ 2002 నియమావళే చెబుతోంది.

అమ్ముకుంటున్నారా అన్న భయానికి జవాబు: అవయవ, కణజాల మార్పిడి చట్టం 1994లో వచ్చింది, 2011 సవరణతో కణజాలాలను కూడా చేర్చారు. ఒకరి చర్మాన్ని ఇంకొకరికి అతికించడానికి డబ్బు ఇచ్చిపుచ్చుకుంటే దాని కింద నేరం. ల్యాబులో చూసే నాలుగు మిల్లీమీటర్ల ముక్క ఆ లెక్కలోకి రాదు. కాబట్టి పోలీస్ స్టేషన్‌కు వెళ్లకండి, అక్కడ మీ రోజు పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

1,800 రూపాయల సంగతి వేరు. అది ఫంగస్ పరీక్షకైతే రిపోర్టు ఇవ్వాలి. పరిశోధనకైతే ఆ ఖర్చు రోగి మీద వేయకూడదు. రెండింట్లో ఏదో ఒకటి వాళ్లు ఒప్పుకోక తప్పదు. జవాబు రాకపోయినా, నిజంగానే మోసమని తేలినా, డాక్టరు మీద ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు, డబ్బు, పరిహారం కోసం గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. కమిషన్‌లో రెండేళ్ల గడువు ఉంటుంది. మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. బిల్లు పారేయకండి.

లెటర్ తెలుగులోనే రాయండి, స్పీడ్ పోస్టులో, రిజిస్ట్రేషన్‌తో పంపండి. మీ సంతకం కాదు, అమ్మ వేలిముద్ర కావాలి. ముందు మొత్తం చదివి వినిపించండి, పక్కింటి చదువుకున్న వాళ్లెవరైనా సాక్షిగా కూర్చుని సంతకం పెట్టాలి.