మారుతి 800 ఫెండర్ సొట్ట ఇంట్లోనే తీయొచ్చు

స్తంభానికి తగిలి ముందు ఫెండర్ (ముందు చక్రం మీది రేకు) సొట్టపోయిందని, షాపువాడు కొత్తది వేయాల్సిందే అంటున్నాడని రాశారు కదా, తొందరపడకండి బ్రదర్. 800లో అది బోల్టులతో బిగించిన రేకే, విప్పి గోనెసంచి మీద పెట్టుకోండి. సొట్ట మధ్యలో సుత్తితో బాదితే రేకు సాగిపోతుంది, ఇక దారికి రాదు. లోపలి వైపు బరువైన ఇనుప దిమ్మను సొట్టకు గట్టిగా ఆనించి పట్టుకుని, బయట చుట్టూ ఉబ్బిన అంచు మీద చిన్న దెబ్బలతో తడుతూ రండి, నెమ్మదిగా లేస్తుంది. తర్వాత 80 నంబర్ ఎమెరీ పేపర్‌తో (గరుకు కాగితం) పెయింటు, తుప్పు పోయి రేకు మెరిసేదాకా రుద్దండి. మిగిలిన చిన్న గుంతలకు పుట్టీ పెట్టండి, మందం మాత్రం 2-3 మి.మీ. మించొద్దు (మన దగ్గర సొట్ట తీయకుండా పుట్టీతోనే నింపేసేవాళ్లకు కొదవ లేదు). ఆరాక 180, 320 పేపర్లు, ఆపైన ప్రైమర్. సాపు అయిందో లేదో కళ్లకు తెలియదు, అరచేత్తో నిమిరి చూడండి. ఫెండర్ విప్పినప్పుడు లోపలి ఆప్రాన్ (ఫెండర్ వెనక బాడీకి అతికి ఉండే రేకు) కూడా వంగి కనిపిస్తే మాత్రం టింకరింగ్ షాపుకే ఇచ్చేయండి.