బాబు ఎన్ఎఫ్ఎల్ అంటున్నాడు, వాళ్ళ నాన్న కంప్యూటర్ సైన్స్ అంటున్నారు

ప్రశ్న: సార్, మేం టెక్సాస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. బాబు టెన్త్ గ్రేడ్, స్కూల్ టీంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, ఆ ఆటకి ఇక్కడి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్తానంటాడు. మావారు కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకో మాట విననివ్వరు, వాడి గేమ్ ఒక్కటీ చూడలేదు. రెండిట్లో ఏది మేలో పోల్చి చెప్పండి. మొన్న శుక్రవారం గేమ్ నుంచి వచ్చి తల దిమ్ముగా ఉందని లైట్ ఆపేసి పడుకున్నాడు, నాన్నకి చెప్పొద్దన్నాడు.

జవాబు: అమ్మా, పోలిక తర్వాత చూద్దాం, మీరు అడగాలనుకున్నది ఆఖరి లైనే కదా, ఇలాంటి ఉత్తరాల్లో అసలు సంగతి ఎప్పుడూ చివర్లోనే ఉంటుంది. డాక్టర్‌కి చూపించారా? రాయలేదంటే లేదనే అనుకుంటున్నా. ఒళ్ళు కాస్త వెచ్చబడితే స్కూల్ మాన్పిస్తామే, తలకి దెబ్బ తగిలితే తల్లీకొడుకులు కలిసి దాస్తారా? ఏమనుకోకండి, కోపం వచ్చింది. ఇవాళే చూపించండి, వాంతులు గానీ మాట తడబడటం గానీ ఉంటే ఎమర్జెన్సీకే వెళ్ళండి. కోచ్‌కీ, స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్‌కీ కూడా చెప్పండి. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిందని అనుమానమొస్తే ఆట ఆపాలి, డాక్టర్ రాసిచ్చేదాకా మళ్ళీ దించకూడదు అని టెక్సాస్‌లో 2011లోనే చట్టం తెచ్చారు, కానీ లైట్ ఆపేసిన బెడ్‌రూంలోకి ఏ చట్టమూ రాదు.

భయపెట్టడానికి కాదు గానీ ఎన్ఎఫ్ఎల్‌లో పిట్స్‌బర్గ్ టీంకి ఆడిన మైక్ వెబ్‌స్టర్ 2002లో చనిపోయాక ఆయన మెదడులో కనిపించిన జబ్బు పేరు సీటీఈ, తలకి పదేపదే దెబ్బలు తగిలి మెదడు మెల్లగా పాడయ్యే జబ్బు. 2017లో బోస్టన్ యూనివర్సిటీ వాళ్ళు ఎన్ఎఫ్ఎల్ ఆడిన 111 మంది మెదళ్ళు పరీక్షిస్తే 110లో అది ఉంది. అవి ఎక్కువగా ముందే అనుమానమున్న కుటుంబాలు ఇచ్చినవి, కాబట్టి ఆడినవాళ్ళందరికీ వస్తుందని కాదు. అయినా క్రిస్ బోర్లాండ్ అనే కుర్రాడు ఒక్క సీజన్ ఆడి, ఇదే భయంతో 24 ఏళ్ళకే వదిలేశాడు.

ఇక ఎన్ఎఫ్ఎల్ సంగతి. కాలేజీలో ఆడేవాళ్ళలోనే వందకి ఇద్దరు కూడా అక్కడిదాకా వెళ్ళరు. 32 టీములు, ఒక్కోదాంట్లో 53 మంది, అంతే. సగటు కెరీర్ మూడేళ్ళ పైచిలుకు. కాంట్రాక్ట్ ఎన్ని మిలియన్లని పేపర్లో వేసినా గ్యారంటీ అని రాసింది తప్ప మిగతాది టీం తీసేసిన రోజే పోతుంది. బాబు మీకు టామ్ బ్రేడీ కథ చెప్తాడు, టీములు కొత్త ఆటగాళ్ళని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2000లో 199వ వాడు ఏడు సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఫైనల్స్, గెలిచాడని, నిజమే, అయితే ఆయన కంటే ముందు తీసుకున్న 198 మందిలో పది పేర్లు చెప్పమనండి.

నాకు ఇంతకంటే అనుమానం ఈ కొత్త మోజు మీద. 2021లో కాలేజీ ప్లేయర్లు యాడ్స్ డబ్బు తీసుకోవచ్చన్నప్పటి నుంచి మనవాళ్ళు కూడా ప్రైవేట్ కోచ్‌లు, వీకెండ్ క్యాంపులు, హైలైట్ వీడియోలు అంటూ వేలకు వేలు పోస్తున్నారు, స్కాలర్‌షిప్ వస్తుంది, అడ్మిషన్‌కి ప్లస్ అవుతుంది అంటారు. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీల్లో అసలు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్పే లేదు, ఆ సంగతి క్యాంపు వాళ్ళు చెప్పరు. పెద్ద డబ్బంతా పెద్ద కాలేజీల్లో పేరున్న కొద్దిమందికే. ఆడటం ఇష్టమై ఆడితే ఆడనివ్వండి, పెట్టుబడి లెక్కన మాత్రం వద్దు.

మీవారికి జాన్ ఉర్షెల్ గురించి చెప్పండి. ఎన్ఎఫ్ఎల్ టీం బాల్టిమోర్ రేవెన్స్‌కి ఆడుతూనే ఎంఐటీలో మ్యాథ్స్ పీహెచ్‌డీ మొదలుపెట్టాడు. 2015లో ప్రాక్టీస్‌లో తలకి దెబ్బ తగిలి కొన్నాళ్ళు పెద్ద లెక్కలు చెయ్యలేకపోయానని తనే చెప్పాడు, 2017లో 26 ఏళ్ళకి ఆట మానేసి ఇప్పుడు అక్కడే ప్రొఫెసర్. ఆయన ఆడింది ఇష్టంతో, చదివిందీ ఇష్టంతోనే. మీ ఇంట్లోనేమో కంప్యూటర్ సైన్స్‌ని శిక్షలా వాడుతున్నారు, ఇక వాడికి దాని మీద ఇష్టం ఎలా వస్తుంది?

పోలిక అడిగారు కదా, రెండు ముక్కల్లో చెప్తా. మ్యాథ్స్ వదలకపోతే డిగ్రీ ఎప్పుడైనా చెయ్యొచ్చు, ఆట మాత్రం చాలామంది పిల్లలకి హైస్కూల్‌తోనే ఆగిపోతుంది. స్కూల్ అయ్యాక మూడేళ్ళు గడిస్తే గానీ డ్రాఫ్ట్‌కే పనికిరారు, కాబట్టి ఇప్పుడు తేల్చాల్సిందేం లేదు. వాడు ఎన్ఎఫ్ఎల్‌కి వెళ్ళిపోతాడేమోనని బెంగ పెట్టుకోకండి, దాదాపు ఎవరూ వెళ్ళరమ్మా.

ఈ రాత్రి అన్నాలయ్యాక వాడి ఎదురుగానే మీవారికి తల సంగతి చెప్పండి. ఆయన కేకలేస్తారు, వెయ్యనివ్వండి. వచ్చే శుక్రవారం డాక్టర్ ఆడొద్దంటే వాడు జెర్సీ వేసుకుని సైడ్‌లైన్ మీదే నిలబడతాడు, ఆ గేమ్‌కి ఆయన్ని తీసుకెళ్ళండి.